చదరంగపు గింజల సంఖ్య

చదరంగమును కనిపెట్టిన సిస్సా రాజును కోరిన వరం మనకు కొత్త కాదు. మొదటి గడికి ఒక గోధుమగింజ, రెండవ గడికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులు. 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ గ్రంథస్థం చేసిన ఈ కథను మన ఉర్దూ శాఖ మిత్రులు శత్రంజ్ కథగాను, తెలుగు శాఖవారు చదరంగపు కథగాను వినియే ఉందురు. తరగతిలో మాత్రం ఇది గుణశ్రేఢికి ఉదాహరణగా వచ్చి, సూత్రం వ్రాయగానే ముగిసిపోవుచున్నది. 2⁶⁴ − 1 అని వ్రాసినవానికి పూర్తి మార్కులు. ఆ సంఖ్య ముఖమును చూచినవారెందరు? ఈ బోధన అసంపూర్ణమని నా అభిప్రాయం.

ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. దీనిని రాబట్టుటకు అరువదిమూడు మార్లు రెట్టింపు చేయనక్కరలేదు. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపై 256, 65,536, 4,29,49,67,296. ఇంకొక్కమారు వర్గంచేసి ఒకటి తీసివేసిన చాలును. సుమారు క్రీ.శ. 1000 నాటికే అల్ బిరూనీ ఇట్టి వర్గాల మార్గముననే ఈ లెక్కను తేల్చెను. కాగితము, ఓపిక తప్ప ఆయన వద్ద మరే సాధనమున్నది?

చివర 5 ఉన్నది గనుక ఈ సంఖ్య 5 చేత భాగింపబడును. అంకెల మొత్తం 87. కావున 3 భాగించును, 9 భాగింపదు. ఇంతవరకు బడిపిల్లల పని. రెండు వర్గాల భేదమును విడదీయు సూత్రమును పదేపదే వాడినచో, సంఖ్య ఆరు కారణాంకములుగా విడిపోవును: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. అసలు కథ ఇచ్చటనే మొదలగుచున్నది. ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధానసంఖ్యలేయని 1640 ప్రాంతమున ఫెర్మా నమ్మెను, నిరూపణ ఈయలేదు. మొదటి ఐదింటి విషయమున ఆయన మాట నిజమే. (వానిలో 17 కు వేరొక ఖ్యాతి కలదు. పదునేడు భుజముల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతోనే నిర్మింపవచ్చునని 1796లో గౌస్ తేల్చెను.) ఆరవదానిని 1732లో ఆయిలర్ విరిచెను: 641 × 67,00,417.

641 ఎట్లు భాగించునో చూచుటకు పెద్ద భాగహారమైనను అక్కరలేదు. 640 అనగా 5 × 2⁷. 641 చేత భాగించునపుడు 640 బదులు −1 వ్రాయవచ్చును. కావున దాని నాలుగవ ఘాతమునకు శేషం 1. ఆ ఘాతమే 625 × 2²⁸. 641 అనగా 625 + 16 గనుక, 625 బదులు −16 వ్రాయుడు. అప్పుడు −2³² కు శేషం 1. అనగా 2³² + 1 నిశ్శేషముగా భాగింపబడును.

నల్లబల్లపై దీనిని చేసి చూపినపుడు ఒక విద్యార్థి, "సార్, ఇది పరీక్షలో వచ్చునా?" అని అడిగెను. రాదంటిని. కలములు మూతపడినవి. తప్పు వానిది కాదు. ఫెర్మా అంతటివాని మాటనైనను స్వయముగా సరిచూచుకొనుమని మనము వానికెన్నడైనను చెప్పితిమా? ప్రశ్నపత్రములో ఈ విభజనకు ఐదు మార్కులు కేటాయించిన నష్టమేమి?

మరునాడు వెనుక బల్ల విద్యార్థిని ఒకతె నోటుపుస్తకం తెచ్చి చూపినది. నా ఉపాయమును నమ్మక, 4,29,49,67,297 ను 641 చేత నేరుగా భాగించి చూచినదట. శేషం సున్న.