మళ్లీ రాయాలా? ముందు పిల్లల్ని నిద్రపోనివ్వండి

నీట్ ఫలితాలు వచ్చాక నాలుగైదు వారాలపాటు మా ఓపీలో ఒక రకం కేసులు పెరుగుతాయి. తలనొప్పి, కడుపులో మంట, గుండెదడ, ఆకలి లేకపోవడం. వయసు పదిహేడు, పద్దెనిమిది. పక్కన అమ్మానాన్న. చేతిలో ఫైలు, అందులో అప్పటికే బయట చేయించిన రక్తపరీక్షలు. అన్నీ నార్మలే.

అలా వచ్చిన ఒక అబ్బాయి తండ్రి ‘తలకు స్కాన్ రాయండి సార్’ అని పట్టుబట్టారు. అబ్బాయిని పూర్తిగా పరీక్షించాను. స్కాన్ అవసరమయ్యే లక్షణం ఒక్కటీ కనిపించలేదు. పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని, ‘రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?’ అని అడిగాను. ‘రెండు దాటుతుంది సార్. ముందే లైటు తీస్తే నాన్న గడియారం వైపు చూస్తారు’ అన్నాడు. ఫలితం వచ్చిన మూడో రోజే లాంగ్ టర్మ్‌కు ఫీజు కట్టేశారట. నిద్ర నాలుగు గంటలు. చదివింది గుర్తుండటం లేదు. గుర్తుండటం లేదని ఇంకో గంట ఎక్కువ కూర్చుంటున్నాడు.

నాకిది కొత్త కథ కాదు. ఇంటర్ అయిన ఏడాది నాకూ ఎంసెట్‌లో సీటు రాలేదు. సిగ్గుతో వెంటనే లాంగ్ టర్మ్‌లో చేరి రెండు నెలలు ఇలాగే చదివాను. వారం వారం పెట్టే పరీక్షల్లో మార్కులు తగ్గుతూ వచ్చాయి. జ్వరం వచ్చి ఇంటికెళ్లి, వారం రోజులు అమ్మ పెట్టింది తిని పడుకున్నాను. తిరిగొచ్చి రాసిన పరీక్షలో మార్కులు పెరిగాయి. కారణం మెడిసిన్ చదివాక అర్థమైంది. పగలు చదివినదాన్ని మెదడు నిద్రలోనే సర్దుకుని భద్రపరుస్తుంది. నిద్ర కోసేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది.

అందుకే తల్లిదండ్రులకు నా మొదటి మనవి: ఫలితం వచ్చాక కనీసం పది రోజులు ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఫీజు కట్టకండి. పిల్లల్ని నిద్రపోనివ్వండి, వేళకు తిననివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. చుట్టాలు ఫోన్ చేసి ‘ఎన్ని మార్కులు?’ అంటే మీరే జవాబు చెప్పి పెట్టేయండి. ఫోన్ పిల్లల చేతికివ్వకండి. పక్కింటి పిల్లల ర్యాంకు ఊసే వద్దు.

ఆ పది రోజులు వాళ్లను గమనించండి కూడా. బాధ మామూలే. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గాలి. రెండు వారాలైనా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, గదిలోంచి రాకపోవడం, ‘నేను మీకు భారం’, ‘నేను లేకపోతే బాగుండేది’ లాంటి మాటలు... వీటిలో ఏది కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. ‘చనిపోవాలని అనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే లోపలున్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మాత్రలు అందుబాటులో ఉంచొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఇందులో పరువు పోయేదేమీ లేదు.

మనసు కుదుటపడ్డాక లెక్క చూసుకోవాలి. ప్రశ్నపత్రం, కీ, ఓఎంఆర్ ప్రతి ముందు పెట్టుకుని విద్యార్థి తనే తప్పులను మూడు వరుసలుగా రాయాలి. తెలిసీ తప్పు చేసినవి, చదివి మరిచిపోయినవి, అసలు చదవనివి. నీట్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అంటే తెలిసిన ప్రశ్న తప్పు చేస్తే పోయేది 5 మార్కులు. అలాంటివి 20 ఉంటే 100 మార్కులు పోయినట్టే. వాటికి కావాల్సింది తేరుకున్న మెదడు, టైము పెట్టుకుని చేసే సాధన. మూడో వరుస పెద్దదైతేనే పుస్తకాలతో ఎక్కువ పని. ఏ వరుస ఎంతుందో తెలియకుండా మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడితే పాత తప్పులే తిరిగొస్తాయి.

చదువు మళ్లీ మొదలయ్యాక కూడా ఏడెనిమిది గంటల నిద్ర తగ్గొద్దు. సాయంత్రం దాటాక కాఫీ, టీలు వద్దు. రోజూ అరగంట నడక ఉండాలి. నీరసం, చదివితే తలకెక్కకపోవడం ఉన్న అమ్మాయిలకు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. బద్ధకమని తిట్లు తిన్న అమ్మాయిల్లో రక్తహీనత బయటపడటం మాకు తరచూ కనిపించేదే. ఐరన్ మాత్రలతో తగ్గేదానికి ఏడాదంతా మాటలు పడాల్సిన పని లేదు.

ఇక అసలు ప్రశ్న. రెండోసారి రాయాలా, వద్దా? ఏటా 20 లక్షలకు పైగా పిల్లలు రాస్తుంటే దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. బాగా చదివినా రాకపోవచ్చు. నాకు రెండోసారి వచ్చింది. నాతో ఒకే గదిలో ఉండి, నాకంటే శ్రద్ధగా చదివిన మిత్రుడికి రాలేదు. అతను బీఎస్సీ, బీఎడ్ చేసి ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాడు. జీర్ణవ్యవస్థ గురించి నేను చెబితే అర్థం కాని మా అమ్మాయికి అతను చెబితే అర్థమైంది. అతనిది ఓడిపోయిన బతుకని మా ఇద్దరిలో ఎవరం అనుకోలేదు. అందుకే వెళ్లాలో వద్దో పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ‘వద్దు’ అన్నా మీరు వింటారన్న నమ్మకం ఉంటేనే వాళ్లు ‘వెళ్తాను’ అన్న మాటకు విలువ. నర్సింగ్, ఫార్మసీ, అగ్రికల్చర్ దారుల గురించి కూడా అదే గౌరవంతో మాట్లాడండి.

ఆ అబ్బాయి మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. తలనొప్పి చాలావరకు తగ్గింది. జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. తెలిసీ తప్పు చేసినవి 23. ‘మళ్లీ రాస్తాను సార్’ అన్నాడు. ‘ఈసారి సీటు ఖాయమేనా డాక్టర్ గారూ?’ అని తండ్రి అడిగారు. ఖాయమని ఎవరూ చెప్పలేరన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘పదిన్నరకల్లా లైటు నేనే తీసేస్తున్నాను లెండి’ అన్నారు.

స్కాన్ సంగతి మళ్లీ ఎత్తలేదు.