మనువు వంశీయులు మత్స్యానికి ఏమి బదులిస్తారు?

ధర్మోపన్యాసాలలో ఇటీవల ఒక వాదం తరచుగా వినవస్తున్నది. “డార్విన్ 1859లో ప్రకటించిన పరిణామాన్ని మన ఋషులు దశావతార క్రమంలో ఏనాడో దర్శించారు. మత్స్యం జలచరం, కూర్మం ఉభయచరం, వరాహం భూచరం, నృసింహుడు అర్ధమృగం, వామనుడు హ్రస్వమానవుడు, అనంతరం పూర్ణమానవుడు. కనుక సృష్టికి పరమావధి మానవుడు. శేషప్రకృతి సర్వం అతని భోగ్యం.” సభ్యులు కరతాళధ్వనులు చేస్తారు. ఈ వాదంలోని పూర్వభాగం చర్చనీయం. ఉత్తరభాగం మాత్రం విజ్ఞానానికీ విరుద్ధం, శాస్త్రానికీ విరుద్ధం.

ముందుగా విజ్ఞానం. పరిణామం మానవుణ్ణి కొనమెట్టుపై కూర్చోబెట్టే నిచ్చెన కాదు. అది శాఖోపశాఖలుగా విస్తరించిన మహావృక్షం. మత్స్యజాతి ఆవిర్భవించి సుమారు 50 కోట్ల సంవత్సరాలు. ఆధునిక మానవుడు ఆవిర్భవించి సుమారు 3 లక్షల సంవత్సరాలు మాత్రమే. శామీర్‌పేట సమీపాన జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞులు పఠించే జన్యులిపికి నాలుగే అక్షరాలు. శామీర్‌పేట చెరువులో ఈదే చేప దేహంలోనూ అదే లిపి, అవే నాలుగు అక్షరాలు. సర్వభూతాలలో ఏకత్వాన్ని దర్శించమని వేదాంతం బోధిస్తుండగా, ఆ ఏకత్వానికి దేహస్థాయిలో లభించిన సాక్ష్యాన్ని ఆధిపత్యానికి అనుమతిపత్రంగా చదవడం ఎంతటి విపరీతజ్ఞానం!

ఇక ఆ ఆధిపత్యం ఫలితమేమిటి? 2018లో ప్రచురితమైన ఒక గణన ప్రకారం, భూమిపై ఉన్న స్తన్యజీవుల జీవద్రవ్యంలో మానవులు 36 శాతం, పెంపుడు పశువులు 60 శాతం, వన్యప్రాణులు కేవలం 4 శాతం. మన కృషి, మన మేధ, మన ఆకలి కలిసి సాధించిన దిగ్విజయం ఇది. పరాజితులెవరో చూడండి: మనం ఏ జీవుల రూపాలను గర్భగుడిలో నిలిపి అర్చిస్తున్నామో ఆ జీవులే.

దిగ్విజయ చిహ్నాలకై దూరదేశాలకు పోనక్కరలేదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్‌నూ శామీర్‌పేటనూ స్పృశిస్తూ సాగిన పిదప, ఇచ్చటి నేల గజాల లెక్కన విక్రయవస్తువైంది. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గల దక్కను శిలలు కంకరగా మారుతున్నాయి. ఒక చెరువు అలుగు మరొక చెరువును నింపే గొలుసుకట్టు తెగిపోతున్నది. శిఖం భూములలో లేఅవుట్ల హద్దురాళ్లు వెలుస్తున్నాయి. 2020 అక్టోబరులో కుండపోత వర్షానికి మేడ్చల్ మార్గంలోని ఫాక్స్ సాగర్ పొంగి, చుట్టుపక్కల కాలనీలు జలమగ్నమయ్యాయి. నీరు ఎవరిపైనా దండెత్తలేదు. తన పూర్వస్థానానికి తిరిగి వచ్చింది.

“చెరువు సైతం మానవకృతమే కదా? ప్రకృతిని మార్చకుండా మానవుడు జీవించగలడా?” అని ప్రతివాది ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. చెరువు మానవకృతమే. అయితే మన పెద్దలు తటాకాన్ని సప్తసంతానాలలో ఒకటిగా గణించారు. కట్టవేసినవాడు తన దాహం కొరకే వేయలేదు. కొంగకూ, కప్పకూ, పశువుకూ, దిగువ ఊరి పొలానికీ భాగం ఉంచి వేశాడు. కోవిడ్ కాలంలో ఈ జీనోమ్ వ్యాలీ నుండే కోవాక్సిన్ టీకా వెలువడింది; అదీ మానవమేధయే. దోషం మేధది కాదు, మార్పుది కాదు. పొందినదానిలో భాగం తిరిగి అర్పించకుండా భుజించేవాణ్ణి గీత తృతీయాధ్యాయం చోరుడని పిలిచింది. చెరువు కట్టినవాడికీ పూడ్చినవాడికీ మధ్యగల భేదం ఆ ఒక్క మాటలో ఉన్నది.

పోనీ, దశావతారాలే పరిణామక్రమమని అంగీకరిద్దాం. అప్పుడు తొలి మానవాకృతి వామనుడు. ఆయన చేసిన పని జయించడం కాదు; ముల్లోకాలనూ జయించిన బలిని మూడడుగుల కొలతతో నిలువరించడం. వరాహమూర్తి చేసిన పని మునిగిన భూమిని ఉద్ధరించడం. ఇక మత్స్యకథను స్మరించండి. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతి నీటిలోకి, భాగవతంలో సత్యవ్రతుని దోసిలిలోకి ఒక చిరుచేప వచ్చి, పెద్దచేపల నుండి రక్షించమని వేడుకొన్నది. అతడు దానికి పాత్రలో చోటిచ్చాడు. అది పెరిగేకొద్దీ విశాలతర జలాలలోకి చేర్చాడు. ప్రళయంలో నావను నడిపి అతణ్ణి కాపాడినది ఆ మత్స్యమే. మానవుడంటే మనువు సంతతి. ఒక చేపకు నీరిచ్చిన పుణ్యాన నిలిచిన వంశం మనది. ఆ వంశీయులమే నేడు చేపకు మిగిలిన నీటిలో మట్టి పోస్తున్నాము.

జిజ్ఞాసువులారా, ఇందులో భక్తుల పాలు తక్కువ కాదు. నీటిలో సులభంగా కరగని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను చెరువులలో నిమజ్జనం చేసేది నాస్తికులు కారు. శిఖంలో స్థలం కొని, గృహప్రవేశంనాడు వాస్తుపురుషుణ్ణి, వరుణుణ్ణి పూజించేది మనమే. కట్ట తెగి చెరువు మాయమైనా, కట్టమైసమ్మ గుడికి మాత్రం పాలరాయి పరచేది మనమే. కట్ట లేని కట్టమైసమ్మకు ఆ పేరెందుకు?

కావున స్థలం కొనేముందు ముహూర్తం మాత్రమే కాక, చెరువు పటాన్నీ, ఎఫ్‌టీఎల్ హద్దునూ పరిశీలించండి. శిఖమని తెలిస్తే, ఎంత చవకైనా వదులుకోండి. వినాయకుణ్ణి మట్టితోనే చేయించండి. మీ ఊరి అలుగు ఎటు పారుతుందో మీ పిల్లలకు చూపించండి. ఇంద్రియజయం లేనివాని భూజయం పరాజయమేనని మన శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. ఇకపై ఏ వేదికపైనైనా మత్స్యావతారాన్ని పరిణామానికి ప్రమాణంగా చూపే వక్తను ఒక్కటే అడగండి: “అయ్యా, మీ ఊరి చెరువులో చేప ఉన్నదా?”

స్వస్తి.