ఏం చేశావమ్మా?

మా వీధి చివరింటి కోడలు బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడింది. బుగ్గ మీద అయిదు వేళ్లూ తేలి ఉన్నాయి. చూసిన ప్రతి నోరూ ఒకటే అడిగింది: "ఏం చేశావమ్మా?" చారులో ఉప్పెక్కువైందట. "ఎదురు చెప్పావా?" రెండో ప్రశ్న. కొట్టినవాడు అదే గుమ్మంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. వాణ్ణి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. ఆ సిగ్గు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

చెయ్యి వాడిదే. ఆ చేతికి ధైర్యమిచ్చిన నాలుకలు మనవి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లనే అడిగారు. చెప్పకుండా బయటికెళ్తే, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పక్కలోకి రానంటే, వంట సరిగా చెయ్యకపోతే, అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఈ ఏడింటిలో దేనికైనా మొగుడు కొట్టడం న్యాయమేనా అని. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నూటికి సుమారు 84 మంది న్యాయమే అన్నారు.

"చూశారా, ఆడదానికి ఆడదే శత్రువు" అని చంకలు గుద్దుకుంటున్న మగవాళ్లారా, ఆగండి. తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు అని ఉగ్గుపాలతో పట్టించి పెంచిన పిల్ల ఇంకేం చెబుతుంది? తాగొచ్చినందుకు, జీతం పేకాటలో పోసినందుకు, పెళ్లాం గొలుసు తాకట్టు పెట్టినందుకు మొగుణ్ణి కొట్టొచ్చా అని అడిగే ఏడు ప్రశ్నలు ఎక్కడున్నాయి? చదువుతుంటేనే ఒళ్లు మండుతోందా? ఆ మంటే మీ తక్కెడ. ఒకే కేక వాడి గొంతులో కోపం, ఆమె గొంతులో పొగరు. వాడు తప్పతాగొస్తే మగాడన్నాక మామూలే. ఆమె గట్టిగా నవ్వితే బరితెగించింది.

గృహ హింస చట్టం 2005లో వచ్చింది. దాని దాకా వెళ్లాలంటే ఆమె ముందు అత్తిల్లు దాటాలి, పుట్టిల్లు దాటాలి, పెద్దమనుషుల పంచాయితీ దాటాలి. మూడు చోట్లా ఒకటే తీర్పు: సర్దుకుపో.

మర్నాడు పొద్దున్నే ఆ గుమ్మం ముందు నిలబడి వాణ్ణి అడిగాను. "మా ఇంటి సంగతి నీకెందుకు?" అన్నాడు. వీధిలో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. మానెయ్యనీ.

రేపు మీ కూతురు వాచిన మొహంతో మీ గుమ్మంలో నిలబడితే, "ఏం చేశావమ్మా?" అన్న మాట మీ నాలుక చివరికి వస్తుంది. మింగెయ్యండి. పిల్లకి మంచినీళ్లిచ్చి, చెప్పులేసుకుని, అల్లుడి ఇంటికి నడవండి. పది మందీ వినేలా అక్కడ అడగండి.

"ఏం చేశావురా?"