మనుషుల్లేని అడవి అంటున్నరా? మా పెంటలు ఏడబోయినయి?



వానలు వెనక్కి తగ్గి చలి మొదలైతే చాలు, పట్నం నుంచి బ్యాగులు భుజాన వేసుకొని నల్లమలకు వచ్చే గుంపులు ఎక్కువైతయి. ఫర్హాబాద్ వ్యూ పాయింట్, ఉమామహేశ్వరం గుట్టలు, చైత్ర పౌర్ణమికైతే సలేశ్వరం లోయ. రండి, మాకేం అభ్యంతరం లేదు. దుప్పుల మంద కనబడితే ఫోటో తీసుకోండి. ఎలుగుబంటి కనబడితే దూరంగా నిలబడి చూడండి. కానీ ఇంటికి పోయినంక ఆ ఫోటో కింద "మనుషులు అడుగుపెట్టని అడవి" అని రాస్తున్నరు చూడండి, మా పేచీ అక్కడ.

మీరు నడిచిన బాట ఎవరిది? అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్, బౌరాపూర్ పెంటల మధ్య తేనెకు, గడ్డలకు, చుట్టాలిండ్లకు తిరిగి తిరిగి మా చెంచుల కాళ్లు వేసిన బాట. "అదృష్టం బాగుండి ఎలుగు కనిపించింది" అంటరు. ఏం అదృష్టం? ముందు నడిచిన చెంచు తాత చెదపుట్ట కొత్తగా తవ్వి ఉండుడు చూసిండు. అది విడిచిన దాంట్ల తునికి గింజలు ఇంకా తడారలేదని చూసిండు. గాలి ఎటు కొడుతుందో చూసుకొని మిమ్ములను పక్క బాటకు మళ్లించిండు. కొండముచ్చు అరుపు మారితే చిరుత దగ్గర్ల ఉందని ఆయన చెవికి తెలుసు. ఆ తాత మీ ఫోటోలో ఉండడు. ఉన్నా పేరుండదు, "మా గైడ్" అంతే.

పులి అడుగుల జాడ తీయడానికి, బేస్ క్యాంపుల్లో కాపలాకు మా చెంచులే కావాలె. అదే మనిషి అడవి హక్కు పట్టా అడిగితే అడవికి భారం అయితడు!

ఒక్క క్యాప్షన్‌తో మీకేం నష్టం అనొచ్చు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2024 జూన్‌లో రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశంలోని పులుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నయట, తరలించే పని తొందరగా చేయాలట. మనుషుల్లేని అడవే అసలైన అడవి అని పట్నం నమ్మితే, ఆ లేఖ చదివి ఎవరికీ కోపం రాదు. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటరు. పట్నం శివార్ల ఆ పైసలకు ఎంత జాగ వస్తదో మీకే ఎరుక.

చట్టం ఏమంటున్నది? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) చదవండి. ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలె. మనుషులుంటే జంతువులకు తిరిగి పూడ్చలేని నష్టమని, కలిసి బతికే దారే లేదని తేల్చాలె. గ్రామసభ అన్నీ తెలుసుకొని, ఎవరి ఒత్తిడీ లేకుండా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలె. కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట కూడా పులుల అడవే. అక్కడి సోలిగలకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చినయి. పులులు పారిపోలేదు.

ఇంకో సంగతి యాది చేసుకోండి. 2019లో ఇదే అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం వెతకడానికి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. డ్రిల్లింగ్ మిషన్‌తో బెదరని పులి, మా ఇప్పపూల గంపతో బెదురుతదా? చెంచులు, అమ్రాబాద్, పదర జనం, పట్నంల మీలాంటోళ్లు కలిసి కొట్లాడితేనే ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. అప్పుడు మాతో ఉన్నోళ్లే ఇప్పుడు మమ్ములను ఫోటోలోంచి కత్తిరిస్తే ఎట్ల?

మన పిల్లలకూ ఒక మాట. ఎలుగు గుహ, చిరుత పిల్లలున్న చోటు రీల్స్‌లో లొకేషన్ పెట్టకండి, లైకులకు ఆశపడి.

వచ్చేటోళ్లు ముందు పెంటలో అడిగి రండి. తోవ చూపినోళ్లకు కూలి గట్టిగా ఇవ్వండి, వాళ్లు సరేనంటే పేరు రాయండి. "కోర్ నుంచి గ్రామాలు స్వచ్ఛందంగా ఖాళీ" అని వార్త వస్తే, షేర్ చేసే ముందు కింద ఒక్క ప్రశ్న పెట్టండి: గ్రామసభ ఏ తేదీన జరిగింది, తీర్మానం కాపీ ఏది?