మామ హోటల్‌కి నేనిచ్చిన పనికిరాని ఐడియా

కర్నూలులో మా మేనమామకి చిన్న టిఫిన్ హోటల్ ఉంది. ఉగ్గాని, బజ్జి అక్కడ స్పెషల్. రెండేళ్ల కింద సెలవులకి వెళ్లినప్పుడు, బెంగళూరులో చూసిందంతా బుర్రకెక్కించుకున్న నేను ఆయన్ని కూర్చోబెట్టి క్లాసు పీకాను. డెలివరీ యాప్‌లో చేరు, ఆఫర్లు పెట్టు, మెనూలో నూడుల్స్ చేర్చు అని. అందరూ చేసేది అదే కదా!

మూడు నెలలకి ఫోన్ వచ్చింది. "ఏంరా అల్లుడూ, ప్లేట్లు ఎక్కువే పోతాండాయి గానీ గల్లాపెట్టెలో ఏమీ మిగల్లేదే?"

లెక్క చూస్తే విషయం తెలిసింది. కమీషన్, డిస్కౌంట్, ప్యాకింగ్ పోగా ప్లేటుకి మిగిలేది రెండు మూడు రూపాయలే. పైగా ఉగ్గాని వేడిగా ఉన్నప్పుడే తినాలి. డబ్బాలో అరగంట ఉంటే బొరుగులు ముద్దవుతాయి, బజ్జి మెత్తబడుతుంది. తిన్నవాడు ఒక్క స్టార్ ఇచ్చి ఊరుకుంటాడు. పిజ్జాకి కుదిరే పద్ధతిని తెచ్చి ఉగ్గానికి తగిలించింది నేను. నష్టం మాత్రం మామకి.

ఇలా అందరి దారిలోనే నడిస్తే ఏమవుతుందో కడప బండని చూస్తే తెలుస్తుంది. ముంబైలో వంటగట్టుకి వేసే నల్లరాయిని 'కడప్పా' అనే పిలుస్తారు. అంత పేరున్న సరుకు! కానీ గనిలోంచి తీయడం, కోయడం, పాలిష్ పట్టడం, అడుగుల లెక్కన అమ్మడం... ఎక్కువమంది చేసేది ఇదే. అందరూ ఒకేలా అమ్మితే కొనేవాడికి కనిపించే తేడా రేటు ఒక్కటే. పక్కవాడు రూపాయి తగ్గిస్తే మనమూ తగ్గించాలి.

వేరే దారి ఉందా? కర్నూలు జిల్లాలోనే, ఎమ్మిగనూరులో ఒకాయన చూపించాడు. చేనేతలో అప్పట్లో ఎక్కువగా నడిచిన పద్ధతి ఏంటంటే, సావుకారు నూలిస్తాడు, నేతగాడు నేసిచ్చి కూలి తీసుకుంటాడు. సావుకారు దగ్గర చేసిన అప్పు మాత్రం తీరదు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు తేవడం, బట్ట అమ్మడం సంఘం పని. సంఘం సభ్యులది. మగ్గం అదే, నేసే చేతులూ అవే. మారింది వ్యాపారం నడిచే తీరు. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

మరమగ్గాలు వచ్చాక చేనేతకి కష్టకాలం మొదలైంది. ఎమ్మిగనూరుకీ తప్పలేదు. ఒకప్పుడు కొత్తదైన పద్ధతి కూడా పాతబడుతుంది, మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

ఇక మామ సంగతి. ఈసారి నేను సలహాలివ్వకుండా వారం రోజులు పొద్దున్నే గల్లా పక్కన కూర్చున్నా. బెంగళూరు, హైదరాబాద్ బస్సులెక్కే పిల్లలు టిఫిన్ తిని వెళ్తూ వెళ్తూ, "అన్నా, రూములో చేసుకుంటాం, కొన్ని బొరుగులు, పప్పుల పొడి కట్టివ్వవా?" అని అడుగుతున్నారు. మామేమో ఇన్నాళ్లూ దాన్ని వ్యాపారం అనుకోలేదు. తెలిసిన పిల్లలని ఊరికే పొట్లం కట్టి ఇచ్చేస్తున్నాడు!

ముందు ఇరవై ప్యాకెట్లు చేశాం. బొరుగులు వేరే, పప్పుల పొడి వేరే, ఎలా చేసుకోవాలో ఒక చీటీ. పోతే ఇరవై ప్యాకెట్లే కదా అనుకున్నాం. నాలుగు రోజుల్లో అయిపోయాయి. తర్వాత ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని, సరైన లేబుల్ వేసి, వాట్సాప్‌లో ఆర్డర్లు మొదలుపెట్టాం. పార్సిళ్లు ఆర్టీసీ కార్గోలో వెళ్తాయి. పెద్ద బిజినెస్ ఏమీ అయిపోలేదు. కానీ హోటల్ అద్దె ఇప్పుడు ఆ ప్యాకెట్ల మీదే వస్తోంది. సరుకు దారిలో పాడవదు, స్టార్ల గొడవ లేదు.

యాప్ తప్పని నేననను. బిర్యానీ అమ్మేవాడికి అది బాగానే పనికిరావచ్చు. కానీ పెద్ద కంపెనీ ఏడాదిపాటు నష్టం భరించి కస్టమర్లని సంపాదించుకోగలదు. మా మామ ఒక్క నెల నష్టపోతే పాలవాడికి బాకీ పడతాడు. అలాంటివాడు పెద్దవాళ్ల ఆట ఆడితే ఓడిపోతాడు. అతని దగ్గర ఉన్న బలం వేరే. కస్టమర్ మొహం రోజూ చూస్తాడు, అడిగింది చెవులారా వింటాడు.

ఈసారి పండక్కి ఊరెళ్లి, నాన్న కొట్టుకో, అక్క టైలరింగ్ షాపుకో సలహా ఇద్దామనిపిస్తే కాసేపు ఆగండి. ముందు రెండు పూటలు అక్కడ కూర్చోండి. వచ్చినవాళ్లు ఏం అడిగి, "లేదు" అనిపించుకుని వెళ్తున్నారో ఫోన్‌లో రాసుకోండి. మాట్లాడటం ఆ లిస్టుతో మొదలుపెట్టండి.