బూజును ఆపే ఈస్టు ఉన్న మాట నిజమే, కానీ ముందు తాటిపత్రులు కొందాం

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. మొన్నటి మీటింగులో తెగని ముచ్చట ఇది, వచ్చే ఆదివారం చేతులెత్తే ముందు మా మాట కూడా చదవండి.

జరిగింది మీకు తెలిసిందే. మన పిల్లల్లో ఒకతను ఫోన్లో వీడియో చూపించాడు. పండ్ల మీద, గింజల మీద అడవి ఈస్టు చల్లితే బూజు పట్టదట. పక్క ఊళ్లో ఒక దుకాణంలో అలాంటి పొడి ప్యాకెట్లు దొరుకుతున్నాయట, సంఘం నిధిలోంచి అందరికీ తెప్పిద్దామన్నాడు. "కల్లు మడ్డి తెచ్చి జొన్నల మీద పొయ్యమంటావా బిడ్డా" అన్నాడు కాకా. అందరం నవ్వాం, మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆ పిల్లాడి మాటలో నిజం ఉంది. కాకా ఎగతాళికన్నా కల్లు మడ్డి పోలికలోనూ నిజం ఉంది. ఆ ప్యాకెట్ సంగతి మాత్రం వేరు.

ముందు మన బాధ చెప్పుకుందాం. సోయా కోసి కుప్ప పెట్టే వేళకు వాన. జొన్న కంకి గట్టిపడే వేళకు వాన, గింజ నల్లబడుతుంది. పసుపు ఉడకబెట్టి ఎండేసిన రోజుల్లో అకాల వాన. పోయినేడు మేము పల్లికాయ సగం ఆరకముందే తొందరపడి బస్తాల్లో కట్టాం. మబ్బు చూసి భయపడ్డాం, అంతే. నెల తర్వాత మూట విప్పితే ముక్క వాసన, లోపల పచ్చ బూజు. మంచివి ఏరి అమ్మితే ధర సగమైంది. ఏరి పారేసినవి పారేయలేదు, బర్రెకు పెట్టాం. ఆ పని చేయకుండా ఉండాల్సిందని తర్వాత తెలిసింది.

ఆ పచ్చ బూజు ఎక్కువగా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే జాతిది. అది అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. 1974లో రాజస్థాన్ బాన్స్‌వాడా, గుజరాత్ పంచమహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజు పట్టిన మక్కజొన్నలు తిని 106 మంది చనిపోయారు. దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే. వాళ్లకు వేరే తిండి లేదు, అదే తిన్నారు. అంతకు ముందు 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి, బూజు పట్టిన పల్లి చెక్క దాణాగా పెట్టినందుకు. ఈ విషం ఉడకబెడితే పోదు, వేయిస్తే పూర్తిగా పోదు. బర్రె తింటే పాలలోకి దిగుతుంది. పాలలో దానికి మన దేశంలో ఉన్న పరిమితి కిలోకు అర మైక్రోగ్రాము. మేము బర్రెకు పెట్టిన పల్లీల్లో ఎంత ఉందో ఎవరు కొలిచారు? ఆ పాలు మా ఇంటి పిల్లలే తాగారు.

ఇక ఈస్టు. కల్లుకుండలో ఎవరూ ఈస్టు వేయరు కదా. చెట్టు నుంచి, గాలి నుంచి, పురుగుల కాళ్ల నుంచి అదే వచ్చి చేరుతుంది. ద్రాక్ష తొక్క మీద, జామకాయ మీద, గోధుమ గింజ మీద కూడా అలాంటివే బతుకుతుంటాయి. వాటిలో కొన్ని బూజుకు పగవాళ్లు. పండుకు గాటు పడితే రసం ఊరుతుంది. బూజు మొలకెత్తేలోపే ఈస్టు ఆ రసం తాగి, ఆ చోటంతా కమ్ముకుంటుంది. జాగా లేదు, తిండి లేదు, బూజు నిలవదు. మెట్ష్నికోవియా అనే రకమైతే చుట్టుపక్కల ఇనుమంతా లాగేసి ఎర్రటి రంగుగా మార్చేస్తుంది, ఇనుము లేక బూజు ఎదగదు. మరికొన్ని బూజు గోడను కరిగించే ఎంజైములు వదులుతాయి.

ఇవి ఉత్త కబుర్లు కావు. క్యాండిడా ఓలియోఫైలా అనే ఈస్టుతో చేసిన మందుకు 1995లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, నిమ్మజాతి పండ్లు, ఆపిల్ కుళ్లకుండా. కాలిఫోర్నియాలో పిస్తా చెట్ల నుంచి తీసిన పిచియా అనోమలా అనే ఈస్టు, అఫ్లాటాక్సిన్ బూజును అణచగలదని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలు చూపించారు.

మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకుంది మాత్రం స్వీడన్ కథ. అక్కడ వాన దేశం, ఆరని గోధుమలను పశువుల దాణా కోసం గాలి చొరని గుమ్ముల్లో దాస్తారు. ఎంత బిగించినా కొంచెం గాలి దూరుతుంది, బూజు లేస్తుంది. 1990ల్లో అక్కడి పరిశోధకులు ఇదే పిచియా అనోమలాను గింజల్లో కలిపి చూస్తే బూజు ఆగింది. అది వదిలే ఇథైల్ అసిటేట్ అనే ఆవిరి అందులో ముఖ్యమైన కారణమని తేల్చారు. ఇది చదవగానే మాకు పాతర గుర్తొచ్చింది. మరాఠీలో పేవ్ అంటారు, మన తాతల కాలంలో జొన్నలు నేలలో పాతరేసి మూసేవారు. తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదనేవాళ్లు, ఊపిరాడదని. గింజలు, సూక్ష్మజీవులు లోపలి గాలిని వాడేసుకుని బొగ్గుపులుసు గాలి నింపేవి, అందుకే పురుగు, బూజు రెండూ తగ్గేవి. అంచుల్లో చెమ్మ తగిలిన గింజ మాత్రం కంపు కొట్టేది. తాతలకు ఈస్టు పేరు తెలియదు, గాలిని బయట ఆపాలన్నది తెలుసు.

మరి ప్యాకెట్ ఎందుకు వద్దంటున్నాం? మేము ఆ దుకాణానికి వెళ్లి చూశాం. అట్ట మీద ఏ ఈస్టో పేరు లేదు. ఎంతకాలం బతికి ఉంటుందో లేదు. 1968 పురుగుమందుల చట్టం కింద ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఈస్టు ప్రాణమున్న జీవి, ఎండకు కాగే రేకుల షెడ్డులో ఆరు నెలలు ఉంటే లోపల ఏం మిగిలిందో ఆ దుకాణదారుకే తెలియదు. పైగా బూజు ఇప్పటికే వదిలిన విషం ఈస్టు చల్లినంత మాత్రాన పోతుందని అనుకోవద్దు.

అడవిది, సహజమైనది కాబట్టి హాని లేదన్న మాట కూడా మీటింగులో వినిపించింది. పైన మెచ్చుకున్న పిచియా అనోమలానే తీసుకోండి. 1996–98 మధ్య ఉత్తర భారతంలోని ఒక పెద్ద ఆసుపత్రి పిల్లల విభాగంలో 379 మంది పసివాళ్లకు, పిల్లలకు దాని ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆరోగ్యవంతుడికి అది పెద్దగా ఏమీ చేయదు, బలహీనుడి రక్తంలోకి చేరితే ప్రమాదం. అందుకే ఏ రకం, ఎంత మోతాదు, ఎవరి చేతిలో అన్నది పరీక్షించాకే వాడాలి. సహజమనే మాటకు బూజు కూడా హక్కుదారే.

కాబట్టి నిధి గురించి మా అభిప్రాయం ఇది. మొదటి డబ్బు తాటిపత్రులకు, ఒక తేమ కొలిచే మిషన్‌కు. పల్లి గింజ ఏడెనిమిది శాతానికి, పసుపు కొమ్ము పది శాతానికి, జొన్న పన్నెండుకు ఆరితే బూజుకు లేవడానికి నీళ్లే ఉండవు. పంటితో కొరికి చూసే లెక్క మా ఇంట్లో పోయినేడే తప్పింది. 2024 నవంబర్‌లో కేంద్రం మద్దతు ధరకు కొనే సోయాలో తేమ పరిమితిని 12 నుంచి 15 శాతానికి పెంచింది. అమ్ముకునేవాళ్లకు ఊరటే, కాదనం. కానీ బూజుకు ఆ జీవో అందలేదు, విత్తనానికి దాచుకునేవాళ్లు పాత లెక్కే పట్టుకోవాలి.

ఈస్టును మరిచిపొమ్మని మాత్రం అనట్లేదు. సగరోళిలోనే సంస్కృతి సంవర్ధన్ మండల్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పర్భణీలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. సంఘం తరఫున మరాఠీలో ఒక అర్జీ రాద్దాం: మన నిమ్మ, మోసంబి పండ్ల మీద ముందు పరీక్ష పెట్టండి, గాటు పడిన పండు మీదే ఈస్టు బాగా పనిచేస్తుంది, కాయలు మేమిస్తామని. గింజల సంగతి తర్వాత. పల్లీల్లో అఫ్లాటాక్సిన్ కొలిచే చవకైన కిట్లు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఏనాడో తయారుచేసింది, మన నమూనాలు ఎక్కడ పరీక్ష చేయించాలో కూడా అదే అర్జీలో అడుగుదాం. అర్జీ రాసే పని ఆ వీడియో చూపించిన పిల్లాడికే ఇవ్వాలని మా కోరిక. మనలో చాలామందికన్నా అతని మరాఠీ బాగుంటుంది, మీటింగులో మనం నవ్వింది కూడా అతన్నే.

ఎవరి ఇంట్లో ఎన్ని తాటిపత్రులున్నాయో, ఎన్ని చిరిగాయో ఆదివారం లోపు కింద రాయండి. మావి రెండు, ఒకటి చిరిగింది.