నిద్ర పట్టని రైతును ముందే పలకరిద్దాం

పట్టుపురుగు ఒక్కపూట ఆకు ముట్టకపోతే రాత్రికి నాలుగుసార్లు లేచి షెడ్డులోకి పోయి చూస్తాం. ఇంట్లో మనిషి వారం నుంచి అన్నం సరిగా తినకపోతే, నిద్రపోకపోతే, రచ్చకట్టకు రావడం మానేస్తే మాత్రం 'వాన పడితే వాడే సర్దుకుంటాడులే' అని ఊరుకుంటాం.

మడకశిర ప్రాంతంలో వేరుశనగ వానను నమ్ముకున్న పంట. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్ ధరను నమ్ముకున్నవి. రెండింటికీ పెట్టుబడి అప్పే. ఒక ఏడు కలిసొస్తుంది. మరో ఏడు సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. ఇన్ని ఒడిదుడుకుల్లో మనసు కుంగితే దాన్ని చేతగానితనం అనకూడదు. అలాగని 'ధైర్యంగా ఉండండి' అని చెప్పి గిట్టుబాటు ధర, పంటల బీమా బాధ్యతల నుంచి ప్రభుత్వాలు తప్పుకుంటామంటే ఒప్పుకోం.

కేంద్రం 2022 అక్టోబరులో టెలిమానస్ ప్రారంభించింది. నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితమే, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోబోయి బతికినవారి మీద కేసు పెడతారని చాలామంది ఆసుపత్రికే భయపడుతున్నారు. అలాంటివారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

గ్రామ కమిటీ సభ్యులు అప్పుల సంగతి ఎత్తకుండానే ఇలాంటి ఇళ్లకు వెళ్లి కాసేపు కూర్చోవాలి. ఆ ఇంటి పురుగుమందు డబ్బాలు కొన్నాళ్లు పక్కింట్లో తాళం వేసి పెట్టించాలి. 14416ను ప్రతి రైతు సేవా కేంద్రం గోడమీద, ఎరువుల ధరల పక్కనే రాయించాలని అధికారులను కోరుతున్నాం. మడకశిర ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా, సంత రోజైతే మరీ మంచిది, మానసిక వైద్యుడు తప్పకుండా అందుబాటులో ఉండాలి.